ఇంటి వస్తువులతో రంగుచేపల పెంపకము

పట్టణములలోనేగాక పల్లెలలో కూడ నేడు రంగుచేపలను పెంచు ముచ్చట పెరుగుచున్నది. పిల్లలు సంతకో తిరునాళ్లకో పోయినపుడు పాలిథీన్ సంచిలో రెండు చేపలను పట్టుకొని వత్తురు. అప్పటికప్పుడు చేతికందిన సీసాలోనో, బిందెలోనో వాటిని వేయుదురు. మూడవ నాటికో, వారమునకో అవి చచ్చి తేలును. "మనకు చేపలు అచ్చిరావు" అని పెద్దలు సరిపెట్టుకొందురు. మరికొందరు వేల రూపాయలు పోసి గాజుతొట్టి కొందురు. అదియు కొన్ని నెలలలో అటకెక్కును. లేదా ఉల్లిపాయలు పోసికొనుటకు పనికివచ్చును.

చేపలు అచ్చిరాకపోవుట అనునది లేదు. పాత్ర ఖరీదైనదగుటచేత చేపలు బ్రతుకవు, చౌకదగుటచేత చావవు. మన ఇంటిలోను, పెరటిలోను ఉన్న బకెట్టు, కుడితి తొట్టి, మట్టి గాబు, కొబ్బరి చిప్ప, దోమతెర ముక్క, ఖాళీ సీసా మున్నగువానితో చేపలను చక్కగా పెంచవచ్చును. అయితే ఏ వస్తువునైనను నీటిలో పెట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఇంతకు ముందు దీనిని దేనికి వాడితిమి? రెండవ ప్రశ్న: ఇది నీటిలో నానినపుడు కరుగునా, తుప్పుపట్టునా, రంగు దిగునా? మూడవ ప్రశ్న: సబ్బు ముట్టకుండ దీనిని శుభ్రము చేయగలమా? ఈ మూడింటికి సరియైన జవాబు చెప్పలేని వస్తువును ప్రక్కన పెట్టుడు. ఈ వ్యాసములోని సలహాలన్నియు ఈ మూడు ప్రశ్నలనుండి పుట్టినవే.

చేపకు నీరే గాలి

చేప నోటితో నీటిని తీసికొని మొప్పల మీదుగా వెలుపలికి పంపును. నీటిలో కరిగియున్న ప్రాణవాయువు మొప్పల ద్వారా రక్తములోనికి పోవును. మొప్పల పొర మిక్కిలి పలుచనైనది. రక్తమునకును నీటికిని నడుమ అడ్డు ఆ పొర మాత్రమే. అందుచేత నీటిలో కరిగిన లోహము, మందు, సబ్బు చేపను సులభముగా చేరును. మనకు చీమ కుట్టినట్లయినను ఉండని మోతాదు చేపకు ప్రాణాంతకము కావచ్చును.

మరియొక సంగతి కలదు. చేప తన శరీరములోని మలినమును అమ్మోనియా రూపమున ముఖ్యముగా మొప్పల ద్వారానే విడుచును. చెరువులో నీరు విస్తారముగా ఉండుటచేత అది పలుచబడిపోవును. బకెట్టులో అట్లు కాదు. విడిచిన విషములోనే చేప మరల ఊపిరి పీల్చవలెను. దీనికి విరుగుడును ప్రకృతియే కల్పించినది. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు అంత ప్రమాదకరము కాదు. నీటిమొక్కలు దానిని ఎరువుగా తీసికొనును. ఈ సూక్ష్మజీవులు పాత్ర గోడలమీద, రాళ్లమీద, స్పాంజిలో కాపురముండును. అవి చాలినంతగా పెరుగుటకు సామాన్యముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. కొత్త పాత్రలో అవి ఉండవు. మొదటి నెలలోనే ఎక్కువ చేపలు చచ్చుటకు ముఖ్యమైన కారణమిదియే.

ఈ సమతూకమును మొట్టమొదట జాగ్రత్తగా పరిశీలించినవారిలో లండను నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ఒకడు. ఆయన ఒక గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, వల్లిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. కొంతకాలమునకు మొక్క ఆకులు కుళ్లి నీరు చెడసాగెను. అప్పుడాయన కొన్ని నీటినత్తలను వదలెను. అవి కుళ్లిన ఆకును తినివేయగా నీరు మరల తేటపడెను. ఖరీదైన పరికరములేవియు లేకుండ, ఒక పాత్ర, ఒక మొక్క, కొన్ని నత్తలతోనే ఆ పని జరిగినది. నేటికిని సూత్రము అదే.

ఏ పాత్ర మంచిది?

ప్లాస్టిక్ బకెట్టు, టబ్బు: తినుబండారములకు, త్రాగునీటికి వాడినవి ఉత్తమము. బట్టలు నానబెట్టినది, సున్నము కలిపినది, ఫినాయిలు పోసినది పనికిరావు. కొత్తది కొన్నను వాసన పోవువరకు రెండు మూడు రోజులు నీరు పోసి పారబోయవలెను. లోతు తక్కువై వెడల్పు ఎక్కువైన టబ్బు మేలు. నీటిలోనికి ప్రాణవాయువు పైభాగమునుండి దిగును గనుక నీటి ముఖము ఎంత విశాలముగా ఉన్న అంత మంచిది.

మట్టి గాబు, కుండ, బాన: వేసవిలో వీనికి సాటి లేదు. గోడలనుండి నీరు చెమర్చి ఆవిరియగుటచేత లోపలి నీరు చల్లగా ఉండును. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువును పట్టియుంచు శక్తి తగ్గును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగా, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే కరుగును. కొత్త కుండను రెండు రోజులు నానబెట్టి ఆ నీరు పారబోసిన పిమ్మట వాడవలెను. కుండను మెడవరకు నింపరాదు. పొట్ట ఎక్కడ మిక్కిలి వెడల్పో అక్కడివరకే నింపవలెను. మెడవరకు నింపిన నీరు ఎక్కువగును గాని గాలి తగులు ముఖము చిన్నదగును.

సిమెంటు తొట్టి, సిమెంటు వర, కుడితి తొట్టి: పెరటిలో పిల్లలను తీయుటకు ఇవి అనుకూలము. కాని కొత్త సిమెంటునుండి సున్నపు గుణము నీటిలోనికి దిగును. క్షారగుణము పెరిగిన నీటిలో చేప విడుచు అమ్మోనియా మరింత విషమగును. కనుక కొత్త తొట్టిని నీటితో నింపి మూడు నాలుగు రోజులుంచి తీసివేయవలెను. ఇట్లు రెండు మూడు వారములు చేయవలెను. పి.హెచ్. కాగితముతో పరీక్షించి 8.5కు లోబడిన తరువాతనే చేపలను వదలవలెను. పశువుల తొట్టిని వాడదలచినచో కుడితి జిడ్డును కొబ్బరి పీచుతో తోమి, ఎండబెట్టి, రెండు మూడు మార్లు నీరు మార్చవలెను. ఆ తొట్టి దగ్గర గోమారి మందు, పేలమందు ఎన్నడైనను వాడియున్నచో దాని జోలికి పోవద్దు.

గాజుతొట్టి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటిని హెచ్చవేసి 1000చే భాగించిన లీటర్లు వచ్చును. 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తుగల తొట్టిలో 54 లీటర్లు పట్టును. లీటరు నీరు కిలో బరువు గనుక, గాజు బరువు, రాళ్ల బరువు గాక 54 కిలోలు దాని క్రింది బల్ల మోయవలెను. పలుచని చెక్కబల్ల చాలదు. గాజుక్రింద సమానముగా ఒక థర్మోకోల్ పలకను పరచుట మంచిది.

పనికిరాని పాత్రలు: రాగి బిందె, ఇత్తడి గంగాళము, జింకు పూత పూసిన ఇనుప బకెట్టు చేపలకు పనికిరావు. రాగి, జింకు కొంచెముగా కరిగినను మొప్పలను చెరుపును. నత్తలకు రాగి మరింత హానికరము. రాగిచెంబు నీరు మనకు మంచిదని చేపకును మంచిదనుకొనరాదు. పచ్చడి జాడీలో నూనె, ఉప్పు, కారము వాసన మిగిలియుండును. దానిని కూడ మానుట మేలు.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి. పురుగుమందు డబ్బాను, కలుపుమందు క్యానును ఎన్నిమార్లు కడిగినను, ఎన్నాళ్లు ఎండబెట్టినను చేపలకు గాని, నీళ్లకు గాని, ధాన్యమునకు గాని వాడరాదు. ప్లాస్టిక్ గోడలు మందును పీల్చుకొని మెల్లమెల్లగా మరల విడుచును. క్యాను తెల్లగా, దృఢముగా, మూతతో ఉండి చూచుటకు బాగుండును; అందుచేతనే మోసము జరుగును. ఆ క్యాను కోసి చేసిన తొట్టిలో చేప చచ్చిన నష్టము కొద్దిది. ఆ తొట్టిలో చేయిపెట్టి ఆడుకొను పసిబిడ్డ సంగతి ఆలోచింపుడు. ఖాళీ మందు డబ్బాను మూడుమార్లు నీటితో తొలిచి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు కన్నములు పొడిచి, తిరిగి వాడ వీలులేకుండ చేయవలెను.

నీటి సంగతి

కుళాయి నీటిలో క్లోరిను ఉండును. దానిని వెడల్పయిన బకెట్టులో మూత లేకుండ ఒక పగలు, ఒక రాత్రి ఉంచి, నడుమ నడుమ కలియబెట్టినచో క్లోరిను గాలిలో కలిసిపోవును. కొన్ని నగరములలో క్లోరమిన్ అను వేరొక మందు వాడుదురు. అది ఇట్లు పోదు. అట్టిచోట చేపల దుకాణములలో దొరకు హైపో ద్రావణమును సీసాపై వ్రాసిన మోతాదులో వాడవలెను. పల్లెలలో వానకాలమునకు ముందు బావులలో బ్లీచింగు పొడి చల్లుదురు. చల్లిన తరువాత కొన్నాళ్లు ఆ నీటిని తొట్టిలో పోయవద్దు.

బోరునీరు వచ్చీ రాగానే ప్రాణవాయువు తక్కువగా ఉండును. ఒక బకెట్టునుండి మరియొక బకెట్టులోనికి ఎత్తునుండి పదిమార్లు తిరగబోసి ఒక రోజు ఉంచి వాడవలెను. మన ప్రాంతపు బోరునీరు చాలచోట్ల కఠినజలము. గప్పి, మోలీ చేపలకు కఠినజలము నచ్చును గనుక మొదటిసారి పెంచువారికి ఇవియే తగినవి. ఆర్.ఓ. యంత్రపు నీటిలో లవణములు చాల తక్కువ. దానినొక్కదానినే చేపలకు వాడరాదు.

ఎండకు ఇగిరిన నీటిని పైన పోసి ఊరకుండుట నీరు మార్చుట కాదు. ఇగిరినది నీరు మాత్రమే. లవణములు, మలినములు తొట్టిలోనే మిగిలి చిక్కబడును. వారమునకొకసారి నాలుగవ వంతు పాతనీటిని తీసివేసి, సిద్ధముగా ఉంచిన కొత్తనీటిని అదే వెచ్చదనముతో పోయవలెను. తీసిన నీరు వృథా కాదు. కరివేపాకు చెట్టుకో, మల్లె పాదుకో అది మంచి ఎరువు నీరు.

సీసాతో వడపోత డబ్బా

నోరు వెడల్పయిన అరలీటరు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసికొనుడు. బిస్కెట్లో, చక్కెరో ఉంచినదైన మంచిది. మూతకు కాల్చిన మేకుతో పది పదిహేను కన్నములు పొడవవలెను. మూత నడుమ ఒక పెద్ద కన్నము చేసి, కరెంటు తీగలు దూర్చు అర అంగుళము ప్లాస్టిక్ గొట్టమును అందులోనుండి డబ్బా అడుగువరకు దించవలెను. గొట్టము క్రింది అంచున రెండు మూడు గాట్లు పెట్టిన నీరు లోనికి దూరుటకు సందుండును. డబ్బాలో అడుగున శుభ్రమైన గులకరాళ్లు రెండు అంగుళముల ఎత్తున పోయవలెను. వాని బరువునకు డబ్బా మునిగి నిలుచును. పైన స్పాంజి ముక్కలు నింపి మూత బిగించవలెను. గిన్నెలు తోము స్పాంజిలలో కొన్నింటికి సబ్బు, క్రిమిసంహారక మందు పట్టించి అమ్ముదురు. మందులేని సాదా స్పాంజియే వాడవలెను.

చిన్న గాలిపంపు గొట్టమును ఆ పెద్ద గొట్టములోనుండి అడుగుదాక దింపవలెను. బుడగలు పైకి లేచునపుడు తమతో నీటిని మోసికొనిపోవును. ఆ ఖాళీని నింపుటకు తొట్టి నీరు మూత కన్నములద్వారా స్పాంజిలోనికి దిగును. మురికి స్పాంజిలో చిక్కుకొనును. అమ్మోనియాను మార్చు సూక్ష్మజీవులకును అదియే ఇల్లగును. నీటి వేగము తగ్గినపుడు స్పాంజిని తొట్టినుండి తీసిన పాతనీటిలో మెల్లగా పిండవలెను. కుళాయి క్రింద రుద్ది కడిగినచో క్లోరినుకు సూక్ష్మజీవులు చచ్చి, శుభ్రత పేరుతో తొట్టి చెడిపోవును.

కరెంటు విషయమున రెండు జాగ్రత్తలు కలవు. గాలిపంపును నీటి మట్టమునకు పైన ఉంచవలెను. క్రింద ఉంచినచో కరెంటు పోయినపుడు నీరు గొట్టముద్వారా పంపులోనికి దిగును. పంపు తీగను ప్లగ్గుకంటె క్రిందికి ఒక వంపుగా వ్రేలాడనిచ్చి తరువాత ప్లగ్గుకు ఎక్కించవలెను. తీగవెంట జారు నీటిబొట్టు ఆ వంపువద్దనే రాలిపోవును, ప్లగ్గులోనికి పోదు. తొట్టిలో చేయిపెట్టునపుడు స్విచ్చి కట్టివేయుట ఇంటిల్లిపాదికి అలవాటు కావలెను.

కరెంటు నిలుకడ లేనిచోట పంపు లేకుండనే పెంచవచ్చును. అయితే చేపల సంఖ్య తగ్గించి, నీటిమొక్కలు ఎక్కువగా వేయవలెను. కాలువలలో పెరుగు హైడ్రిల్లా ఇందుకు చాలును. తెచ్చిన మొక్కను పలుమార్లు కడిగి రెండు వారములు వేరు బకెట్టులో ఉంచినచో దానిని అంటిపెట్టుకొని వచ్చిన పురుగులు బయటపడును. తూనీగ పిల్లపురుగు చిన్నచేపలను పట్టి తినును. పొలమునకు మందుకొట్టిన రోజులలో ఆ పొలపు కాలువనుండి మొక్కలు తేవద్దు.

చిన్న పరికరములు

చేపను పట్టుటకు ప్లాస్టిక్ టీ జల్లెడ, లేదా గట్టి తీగకు కుట్టిన దోమతెర ముక్క చాలును. కాని ఇచ్చట మొదటి ప్రశ్నను మరువరాదు. మలేరియా నివారణకై పంచు దోమతెరలకు మందు పట్టించియుందురు. ఆ మందు దోమకంటె చేపకు తక్కువ విషము కాదు. మందు పట్టించిన తెరను తొట్టిలోనే గాక చెరువులోను, కాలువలోను ముంచరాదు. మందులేని సాదా తెర ముక్కనే వాడవలెను.

అడుగున చేరిన మలినమును తీయుటకు రెండు మూడు గజముల మెత్తని గొట్టము చాలును. దానిని నీటితో నింపి, రెండు కొనలను వ్రేళ్లతో మూసి, ఒక కొనను తొట్టిలోను మరియొక కొనను క్రిందనున్న బకెట్టులోను ఉంచి వదలినచో నీరు దానంతట దిగును. నోటితో పీల్చవద్దు.

మందుల దుకాణములో కొన్న కొత్త సెలైను గొట్టము చాల ఉపయోగకరము. దాని చక్రముతో నీటి వేగమును బొట్లుగా తగ్గించవచ్చును. కొత్త చేపను తెచ్చినపుడు సంచిని పావుగంట తొట్టినీటిపై తేలనిచ్చి, తరువాత చేపను ఆ సంచి నీటితోనే చిన్న పాత్రలోనికి మార్చి, తొట్టినీటిని బొట్టుబొట్టుగా అరగంట దిగనిచ్చిన చేపకు కొత్తనీరు అలవడును. పిమ్మట జల్లెడతో చేపను మాత్రమే తొట్టిలోనికి తీసి, సంచి నీటిని పారబోయవలెను. ఆసుపత్రిలో వాడి పారవేసిన గొట్టము ముట్టరాదు.

దాగుచోట్లు, అలంకారము

కొబ్బరి చిప్పను పీచు తీసి, రెండుమార్లు మరిగించి, నీరు రంగు దిగుట తగ్గిన తరువాత బోర్లించి ఒకవైపు గుమ్మము కోసినచో చేపలకు మంచి ఇల్లగును. పగిలిన కుండ పెంకులను అంచులు నూరి వాడవచ్చును. ఎండి రాలిన బాదము చెట్టు ఆకు ఒకటి రెండు వేసిన నీటికి తేనీటి రంగు వచ్చును. ఫైటరు చేపలకు అట్టి నీరు హితము.

రాయిని పరీక్షించుటకు నిమ్మరసము చాలును. రాయిమీద నాలుగు చుక్కలు పిండినపుడు పొంగి బుడగలు వచ్చినచో అందు సున్నమున్నది. నాపరాయి, తాండూరు బండ ఇట్టివే. అవి నీటి కఠినత్వమును పెంచును. గప్పి, మోలీలకు బాధలేదు గాని మెత్తని నీరు కోరు చేపలకు పనికిరావు. నల్ల గ్రానైటు, ఏటి గులకరాళ్లలో సామాన్యముగా ఈ చిక్కు లేదు. రంగువేసిన రాళ్లు, ప్లాస్టిక్ పూలు, ఇనుప బొమ్మలు మానుడు.

ఎన్ని చేపలు? ఎంత మేత?

ఇరువది లీటర్ల టబ్బులో ఆరు మొదలు ఎనిమిది గప్పి చేపలు చాలును. మగచేపకు రెండు లేక మూడు ఆడచేపల చొప్పున ఉంచవలెను. ఫైటరు మగచేపలు రెంటిని ఒకచోట ఉంచిన కొట్టుకొని చచ్చును. ఒక్కటిగా పది లీటర్లలో ఉంచవలెను. అది పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు గనుక పంపు లేకున్నను బ్రతుకును. కాని గాలి పీల్చగలదని దానిని చిన్న సీసాలో బంధించుట తగదు. అమ్మోనియా దానికిని విషమే. బంగారుచేప పెద్దదగును, మలినము ఎక్కువ విడుచును. గుండ్రని చిన్న గాజుబుడ్డి దానికి చెరసాల వంటిది.

మేత రెండు నిమిషములలో తినగలిగినంతే వేయవలెను. రోజునకు ఒకటి రెండు మార్లు చాలును. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియాగా మారును. ఇంటికి వచ్చిన ప్రతివారును ముచ్చటపడి మెతుకులు వేయుటచేత చచ్చిన చేపలు ఆకలితో చచ్చినవానికంటె ఎక్కువ.

పిల్లలను దక్కించుకొనుట

గప్పి గ్రుడ్లు పెట్టదు. సుమారు నాలుగు వారములకొకసారి పిల్లలను ఈనును. పుట్టిన పిల్లలను తల్లియే తినును. చిన్న కన్నములుగల కూరగాయల ప్లాస్టిక్ బుట్టను తొట్టిలో తేలగట్టి ఈనబోవు తల్లిని అందులో ఉంచినచో, పిల్లలు కన్నములగుండ క్రిందికి తప్పించుకొనును. తొట్టిలో ఇతర పెద్దచేపలు లేకుండ చూడవలెను. ఈనిన వెంటనే తల్లిని వేరుచేయవలెను.

ఉడికిన కోడిగ్రుడ్డు పచ్చసొనను గోధుమగింజంత తీసి పలుచని గుడ్డలో పిండి నీటిలో కలిపిన పిల్లలకు మేతయగును. మిగిలినది త్వరగా కుళ్లును గనుక బహు కొద్దిగా వేయవలెను. ఇంకను మంచి మేత ఆర్టీమియా. దాని గ్రుడ్లు దుకాణములలో దొరకును. లీటరు సీసా అడుగు కోసి తలక్రిందులుగా నిలిపి, లీటరు నీటికి 25 గ్రాముల కల్లుప్పు కలిపి, చిటికెడు గ్రుడ్లు వేసి, గాలిగొట్టము దింపి వెలుతురులో ఉంచవలెను. 28 డిగ్రీల వెచ్చదనమున ఒకటి ఒకటిన్నర రోజులో అవి పొదుగును. గాలి ఆపి పది నిమిషములాగిన పెంకులు పైకి తేలును, పిల్లలు క్రిందికి చేరును. మూత వదులుచేసి క్రిందినుండి తీసి, గుడ్డలో వడకట్టి మంచినీట కడిగి వేయవలెను.

మేతకొరకు దోమపిల్లలను బకెట్టులో పెంచవద్దు. ఒకనాడు తీయుట మరచిన ఇంటివారికి డెంగీ తెచ్చిపెట్టును. తొట్టిలో తామై పుట్టిన దోమపిల్లలను మాత్రము గప్పి తినివేయును. అది మనకును ఉపకారమే.

ఇంటిలో పొంచియున్న విషములు

తొట్టి సక్రమముగా ఉన్నను ఒక రాత్రిలో చేపలన్నియు చచ్చుట కలదు. అట్టపుడు ఇంటిలో దోమలమందు కొట్టితిరేమో విచారింపుడు. దోమల స్ప్రేలలోను, కాయిల్లలోను సామాన్యముగా వాడు పైరెత్రాయిడ్ జాతి మందులు మనుష్యులకంటె చేపలకు ఎన్నో రెట్లు విషము. గాలిపంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోనికి ఊదును. కనుక స్ప్రే కొట్టవలసినపుడు పంపు ఆపి, తొట్టిని తడిగుడ్డతో కప్పి, గది గాలి మారిన తరువాత గుడ్డ తీయవలెను. పొలములో మందుకొట్టి వచ్చినవారు స్నానము చేయక తొట్టిలో చేయి పెట్టరాదు. సబ్బుచేయి, నూనెచేయి కూడ అంతే. తొట్టిని తోముటకు కల్లుప్పు, కొబ్బరిపీచు చాలును. తెల్లని సున్నపు మరకలకు నిమ్మచెక్క రుద్ది కడుగవలెను.

మొదటి ఆరు వారములు

మొదటి వారము పాత్ర, నీరు, మొక్క, వడపోత డబ్బా సిద్ధపరచి ఊరక నడుపుడు. వీలైనచో పెంచుచున్నవారి తొట్టినుండి ఆరోగ్యమైన స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ డబ్బాలో పెట్టుడు. సూక్ష్మజీవుల విత్తనము వేసినట్లగును. రెండవ వారము రెండు మూడు గప్పి చేపలను మాత్రము వదలుడు. ఆరవ వారము వరకు మేత తక్కువగా వేయుచు, మూడు రోజులకొకసారి నాలుగవ వంతు నీరు మార్చుచుండుడు. చేపలు పైకి వచ్చి నోరు తెరచి గుటకలు వేసినచో అది ఆకలి కాదు. నీరు చెడినదని చెప్పుట. వెంటనే సగము నీరు మార్చుడు. ఆరు వారములు నిలచిన పిమ్మట మిగిలిన చేపలను తెండు. కొత్తగా తెచ్చిన వానిని రెండు వారములు వేరు బకెట్టులో ఉంచి, తెగులు లేదని చూచి కలపవలెను.

అలవాటు కుదిరి పిల్లలు పెరిగినపుడు వానిని దగ్గరి దుకాణములకు అమ్ముకొనవచ్చును. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల పెంపకమునకు కూడ చోటు కల్పింపబడినది. నేటి సహాయ పథకముల వివరములకు మీ మత్స్యశాఖ అధికారిని కలిసికొనుడు. కాని పెట్టుబడి పెట్టుటకు ముందు ఒక టబ్బులో ఒక ఏడాది చేపలను నిలుపుడు. ఒక టబ్బును నిలుపలేనివానికి పది తొట్లు పదిరెట్ల నష్టమే తెచ్చును.

పెంచలేక విసిగినపుడు చేపలను చెరువులోను కాలువలోను వదలవద్దు. అది దయ కాదు. తొట్టి గోడల పాచి తినునని తెచ్చిన సక్కరు చేప పెద్దదై, కాలువలలో చేరి, మన రైతుల నోట దెయ్యపుచేప అను పేరు తెచ్చుకొన్నది. చేపల చెరువులలో మేతకు పోటీపడి, వలలను చింపి నష్టము కలిగించుచున్నది. మీకక్కరలేని చేపను పెంచువారికో, దుకాణమునకో ఇండు.

ఈ ఆదివారము మీ పెరటిని ఒకమారు చూడుడు. మూలనున్న టబ్బును, గాబును బయటకు తీయుడు. మూడు ప్రశ్నలు వేయుడు. "ఇంతకు ముందు దీనిలో ఏముండెను?" అన్న ప్రశ్నను పిల్లలచేతనే అడిగింపుడు. ఆ ప్రశ్న అలవడిన బిడ్డ రేపు మందు క్యానులో మంచినీళ్లు పట్టుకొనడు. రెండు గప్పి చేపలు మీ ఇంటికి నేర్పు పాఠములలో అన్నింటికంటె విలువైనది అదే.